లచ్చవ్వను ఏడ్చేదెవరు

లచ్చవ్వ ఏడుపు ఎత్తుకుంటే మేస్తున్న ఎడ్లు తలలెత్తేవి. ఇది కల్పించి చెబుతున్న మాట కాదు. కల్పించే చెప్పదలుచుకుంటే ఎడ్ల దగ్గర ఎందుకు ఆగుతాను? జఫర్‌గఢ్ దగ్గర ఒక ముసలి పటేలు పోయినప్పుడు, ఆమె మూడో శోకం అందుకోగానే శవం మీసం కదిలింది. నా కళ్లతో చూశాను. ఫ్యాను గాలికి కదిలి ఉంటుందని మా బాపు అంటాడు. ఆ పటేలును పడుకోబెట్టింది నేను కిరాయికి ఇచ్చిన ఫ్రీజర్ బాక్సులో. అందులో ఫ్యాను ఎక్కడుంటుందో మా బాపునే చెప్పమనండి.

తొర్రూరు బస్టాండు వెనక నాకు టెంట్‌హౌస్ ఉంది. షామియానాలు, కుర్చీలు, వంటపాత్రలు, మైక్‌సెట్టు, ఆ ఫ్రీజర్ బాక్సు. మా బాపుది కిరాణం దుకాణం. ఇంటర్ రెండో ఏట కాలేజీ నా ధాటికి తట్టుకోలేక నన్ను వదిలేసినప్పుడు, "తరాజు పట్టుకో దామోదర్" అన్నాడు. నేను షామియానా తాళ్లు పట్టుకున్నాను. లగ్గమైనా చావైనా మొదట కబురు అందేది నాకే, అయ్యగారి కంటే ముందు. అందుకే ఏ దిక్కు ఏడుపు ఎట్లా ఉంటుందో నాకు తెలిసినంతగా మంత్రులకు కూడా తెలియదు. జనగామ దిక్కు ఆడవాళ్లు ఏడుపును సాగదీస్తారు, మధ్యలో మనం చాయ తాగి రావచ్చు. భూపాలపల్లి బొగ్గుబాయి కాలనీల్లో రాగం ఉండదు, ముక్కు చీదుకుని గోడకు ఆనుకుంటారు. మానుకోట తండాల్లో భాష వేరు, కానీ ఆ ఏడుపు అర్థం కావడానికి భాష అక్కర్లేదు. ఇన్ని విన్నాక చెబుతున్నాను, నెల్లికుదురు తోవలో ఉన్న గుండ్లమడుగు లచ్చవ్వ ఏడుపును మించినది లేదు.

శోకం అంటే ఒట్టి ఏడుపు కాదు. చనిపోయిన మనిషి పక్కన ఆడవాళ్లు ఒకరి మెడ ఒకరు పట్టుకుని రాగం తీస్తారు. మొదట వరస పెట్టి పిలవాలి: కొడుకా, మామా, నా సెల్లే అని. తరువాత ఆ మనిషి వదిలిపోయిన వస్తువునో పనినో పట్టుకుని అడగాలి: దీన్ని ఎవరు చూడాలి, అది ఎట్లా గడవాలి అని. చివరి మాటను సాగదీసి వదలాలి. పక్కనున్న ఆడమనిషి ఆ మాటనే అందుకుని తన శోకం మొదలుపెట్టాలి. ఇల్లు కట్టేచోట ఇటుక చేతులు మారినట్టు మాట చేతులు మారుతుంది. కింద పడనివ్వకూడదు.

లచ్చవ్వకు రెండెకరాల చెల్క, ట్రాక్టరు నడిపే ఒక్కగానొక్క కొడుకు ముత్యం. భర్త ఎప్పుడో పోయాడు. ఆడపిల్లలు లేరు. ఎక్కడైనా చావు కబురు వింటే నా ట్రాలీలో, కుర్చీల దొంతరల మధ్య కూర్చుని బయలుదేరేది. దారి పొడుగునా నన్ను కాల్చుకు తినేది.

"ఆయన ఏం కూర ఇష్టంగ తినేటోడు? ఎవలతోని లొల్లి పెట్టుకునేటోడు?"

"నాకేం ఎరుక అవ్వా? నేను పెట్టె ఇచ్చేటోన్ని."

"ఎరుకలేకుంట పెట్టెట్ల ఇస్తవ్ రా సావుకారి కొడకా? సచ్చినోనికి అబద్ధం ఏడిస్తే ఆయనకు ఎక్కిళ్లొస్తయి."

అక్కడికి చేరాక ముందు వంటింట్లోకి పోయి, పశువుల కొట్టంలోకి పోయి, నలుగురిని అడిగి, ఆ తరువాతే శవం దగ్గర కూర్చునేది. తెలియని మాట ఒక్కటీ నోట రానిచ్చేది కాదు.

ఒకసారి చావింటి నుంచి తిరిగి వస్తున్నాం. ఊరు కనబడుతుండగా అంది: "అందర్నీ ఏడ్చిన. రేపు నన్నెవలు ఏడుస్తరు?"

"నా మైకుల పెడత తీ అవ్వా, ఊరందరికి ఇనవడేటట్టు."

"నీ మైకు మన్నువడ! ఆడబిడ్డలు లేనిదాని శవం మూగగనే పోతది. ఎన్ని సూడలే నేను?"

నవ్వింది గాని, ట్రాలీ దిగేటప్పుడు నా చేయి పట్టుకుని దిగింది. అంతకుముందు ఎన్నడూ అట్లా పట్టుకోలేదు.

ఆ తరువాతి ఎండాకాలం ముత్యానికి భూపాలపల్లి పిల్లతో లగ్గమైంది. షామియానా నాదే. పేరు సుష్మిత. తండ్రి బొగ్గుబాయిలో పనిచేసేవాడు, పిల్ల కాలనీలో నల్లా నీళ్లు తాగి పెరిగింది. గుండ్లమడుగులో బోరు నీళ్లు ఉప్పగా ఉన్నాయని మొదటి వారమే అంది. లచ్చవ్వ ఊరుకుంటుందా?

"మీ భూపాలపల్లిల నీళ్లు నల్లగుంటయట గదా పిల్లా, బొగ్గు కడిగిన నీళ్లు."

"గందుకే మా పండ్లు తెల్లగున్నయి అత్తమ్మా. మీ తంబాకు పండ్ల తీరుగ లేవు."

అంతే, ఆ రోజు మొదలైన లొల్లి ఆగలేదు. గ్యాస్ పొయ్యి కోసం లొల్లి, సీరియల్ కోసం లొల్లి, పుంటికూరలో ఉప్పు కోసం లొల్లి. అత్తాకోడళ్లు తిట్టుకుంటుంటే గుండ్లమడుగు పిల్లలు కొత్త తిట్లు నేర్చుకోవడానికి గోడెక్కి కూర్చునేవారు. అత్త చచ్చిన ఆరు నెలలకు కోడలి కంట నీళ్లు అన్న సామెత ఉంది కదా, అది చెప్పి ఎదురింటి ఈశ్వరమ్మ ఎగతాళి చేసేది: "లచ్చవ్వా, నీ కోడలు ఆర్నెల్లకు గూడ ఏడ్వది. తీపి వండుకోని తింటది."

లచ్చవ్వ లెక్క వేరు. నాతో చెప్పింది: "మర్యాదగ ఉన్నోళ్లు మర్యాదగనే ఏడుస్తరు. గదేం ఏడుపు రా? కొట్లాడినోళ్లకే నా సంగతులన్ని ఎరుక. నన్ను ఏడిస్తే గీ పిల్లనే ఏడ్వాలె."

కానీ పిల్లకు శోకం రాదు. చావింటికి తీసుకుపోతే సిగ్గుతో కొంగు నోట్లో కుక్కుకునేది. ఇంట్లో నేర్పుదామంటే ఆచారం అడ్డం. చావులేని ఇంట్లో రాగం తీసి ఏడవకూడదు. దీపం ఉన్న గడపలో శోకం వినబడితే అది నిజంగానే లోపలికి వస్తుందని మా దిక్కు నమ్మకం. తల్లి మెడ పట్టుకుని చావుల్లో నేర్చుకోవలసిందే తప్ప ఉత్తినే నేర్చుకునే దారి లేదు.

ఆ దారి జనగామ నుంచి వచ్చింది. స్పందన అనే అమ్మాయి, ఊళ్లవాళ్ల చేత ఆటలు ఆడించి, ఆ ఆటల్లోంచి వాళ్ల కళలను బయటికి తీసి రికార్డు చేసి దాచిపెట్టే బృందంలో పనిచేస్తుంది. జనగామ పల్లెల్లో ఒగ్గు డోలు దెబ్బను ఒకరి నుంచి ఒకరికి అందించే ఆట ఆడించారట. మానుకోట దగ్గర తండాలో ఒకే గుడ్డను చుట్టూ తిప్పుతూ తలా ఒక కుట్టు వేసే ఆట ఆడితే, సోమ్లీ అనే ముసలామెకు తాను మరిచిపోయాననుకున్న కుట్లన్నీ వేలి కొసకు వచ్చాయట. ఈ ఆటల్లో గెలుపు ఒక్కరిది కాదు. నిలిస్తే అందరూ నిలిచినట్టు, ఓడితే అందరూ ఓడినట్టు.

స్పందన తొర్రూరుకు బతుకమ్మ పాటల కోసం వచ్చి, మైకు కావాలని నా దగ్గర ఆగింది. "బతుకమ్మ పాట ఎవలన్న పాడుతరు చెల్లె, మా లచ్చవ్వ ఏడుపు ఇన్నవా?" అన్నాను. ఎడ్ల సంగతి, మీసం సంగతి చెప్పాను. మీసం దగ్గర ఆమె నవ్వింది గాని, మరునాడు ట్రాలీ ఎక్కింది.

"ఏడుపు ఆడుకునేదా?" లచ్చవ్వ మండిపడింది. "ఎవలు సచ్చిర్రని ఏడ్వాలె?"

"ఎవ్వలు సావలే అవ్వా. మనమే ఒక మనిషిని చేద్దాం. లేని మనిషిని. ఆయన మీద ఏడుద్దాం."

లచ్చవ్వ తంబాకు నలుపుతూ ఆలోచించింది. ఆమె చూపు గుమ్మంలో ఉన్న కోడలి మీదికి పోయింది. "ఊర్లె వద్దు," అంది చివరికి. "పొలిమేర దాటినంక. దీపం ముట్టియ్యద్దు. అయినంక కాళ్లు కడుక్కోనే ఊర్లెకు రావాలె."

పత్తి ఏరేసిన చేనులో నేను షామియానా వేశాను. నిండుగా ఉంటుందని ఫ్రీజర్ బాక్సు కూడా తెస్తానన్నాను. లచ్చవ్వ చెప్పు తీసింది. "ఖాళీ పెట్టెను కూసోబెట్టుకోని ఏడుస్తె అది ఎవల్నో ఒకర్ని అడుగుతది రా!" తేలేదు. నేను ధైర్యవంతుణ్ణే గాని చెప్పు తినేంత కాదు.

మా దుకాణంలో మిగిలిపోయిన లగ్గం పత్రికల వెనక సుష్మిత బొమ్మలు గీసింది: జోడెడ్లు, కళ్లద్దాలు, గొడుగు, చెప్పులు, కల్లు ముంత. బొమ్మలు గీయడంలో పిల్ల చెయ్యి మంచిది. ఊళ్లో బతికున్న సాంబయ్య ఎవరూ లేరని చూసుకుని, లేని మనిషికి సాంబయ్య అని పేరు పెట్టారు. వరుసగా కూర్చున్న ఆడవాళ్లు తలా ఒక అట్ట తీసి, దాని మీదున్న వస్తువు పట్టుకుని శోకం తీయాలి. ముందున్నామె వదిలిన మాటనే అందుకోవాలి. అట్టలన్నీ అయ్యేదాకా మాట పడిపోకుంటే సాంబయ్య మర్యాదగా బొందలగడ్డకు పోయినట్టు. మధ్యలో తెగితే సాంబయ్య లేచి ఇంటికి పోయినట్టు. ఆ చివరి నియమం లచ్చవ్వదే. "సరిగ ఏడ్వకుంటే ఎందుకుంటడు? లేశిపోతడు," అంది.

మొదటి రోజు రాధ ఎత్తుకుంది. రాధ లచ్చవ్వ ఇంటి వెనకామె, మిరప చేలకు కూలికి పోతుంది, గొంతు బాగుంటుంది. ఆమెకు ఎడ్ల బొమ్మ వచ్చింది.

"జనగామ అంగట్ల జోడెడ్లు తెస్తివి సాంబయ్యా... జోడిడిసి పెట్టి నువ్వెళ్లిపోతివా... కొట్టంల ఎడ్లను ఎవలు సూడాలె..."

పక్కన సుష్మిత. అట్ట మీద కళ్లద్దాలు.

"సూడాలె... సూడాలె..." అని రెండుసార్లు అని, "సారీ సాంబయ్యా!" అనేసింది. చేనంతా నవ్వు. నేను మైకులో ప్రకటించాను: సాంబయ్య లేచి ఇంటికి పోతున్నాడు, దారిలో ఉన్నవాళ్లు పక్కకు జరగండి.

"నీ యవ్వ, గది గూడ రాదా?" లచ్చవ్వ కసిరింది. "అద్దాలు గూట్లనే ఉండిపాయె, సూడాలంటె ఎట్ల అని అడగాలె. ఆయన ఇంకో లోకం తొవ్వ సూసుకోవాలె గదా?"

పిల్ల మూతి ముడిచింది. కానీ మరుసటి ఆదివారం అందరికంటే ముందు వచ్చి కూర్చుంది.

ఆ పత్తిచేనులో సాంబయ్య ఎన్నిసార్లు చచ్చాడో ఆ దేవుడికే తెలియాలి. చచ్చిన కొద్దీ ఆయనకు ప్రాణం వచ్చింది. జనగామ అంగడిలో ఎడ్లు కొన్నాడు, మేకలకు భయపడతాడు, కల్లు తాగితే పెళ్లాం కాళ్లు మొక్కుతాడు, వానలో గొడుగు చంకలో పెట్టుకుని తడుస్తాడు. కూలికి పోయినప్పుడు కూడా ఆడవాళ్లు "సాంబయ్య ఉంటే గిట్ల అనేటోడు" అని నవ్వుకునేవారు. స్పందన అంతా రికార్డు చేసుకునేది. ఆ నవ్వు కూడా.

ఒకనాడు సుష్మితకు చెప్పుల బొమ్మ వచ్చింది. కళ్లు మూసుకుని ఎత్తుకుంది:

"కడప కాడ నీ చెప్పులు కాలు కోసం సూస్తున్నయి సాంబయ్యా... ఎవలన్న తొడుక్కుంటె ఒప్పుకుంటయా... యాడికి నడిసినవని నన్నడుగుతున్నయి..."

రాధ అందుకోవలసింది, అందుకోలేదు. నిజంగానే ఏడుస్తోంది. సాంబయ్య మళ్లీ ఇంటికి పోయాడు, ఎవరూ పట్టించుకోలేదు.

"గిది నేను నేర్పలే," అంది లచ్చవ్వ నెమ్మదిగా. కాళ్లు కడుక్కుని ఊళ్లోకి పోయాక మాత్రం నెమ్మదిగా లేదు. వాడవాడనా ఆగి చెప్పింది: నా కోడలు ఏడిస్తే చెప్పులు గూడ ఏడుస్తయి. ఈశ్వరమ్మ వాకిట్లో నిలబడి రెండుసార్లు చెప్పింది. రాత్రి యథాప్రకారం ఆ కోడలితోనే చారు చప్పగా ఉందని లొల్లి.

వానలు మొదలయ్యే ముందు ఆఖరిసారి ఆడాం. దుక్కి దున్నితే ఆడుకోవడానికి చేను ఉండదు. ఆ రోజు లచ్చవ్వ కోడలి చేత రహస్యంగా ఒక కొత్త అట్ట గీయించింది. ముందు ఎందుకో చెప్పలేదు. అట్ట మీద ఒక ముసలామె, చేతిలో తంబాకు సంచి, నోరు పెద్దగా తెరిచి ఉంది. ఎవరో చెప్పనక్కర్లేదు.

"ఎత్తుకో పిల్లా. గిప్పుడు నేను సచ్చిన."

అందరూ కంగారు పడ్డారు. "వద్దేమో అవ్వా," అంది స్పందన.

"నువ్వు ఊకో. లోకమంత ఏడ్పిచ్చుకోని పోయేటోళ్లు ఒక్కలన్న ఆ ఏడుపు ఇన్నరా? నేనింట. ఒక్కసారి ఇన్నంక బేఫికరుగ పోత. ఎత్తుకో బిడ్డా."

సుష్మిత అట్ట పట్టుకుని అత్త వైపు చూసింది. లచ్చవ్వ చెవి ముందుకు పెట్టి కూర్చుంది, పంతులు ముందు కూర్చున్న చిన్నపిల్లలా.

"అత్తా..." అని రాగం తీసింది సుష్మిత. ఒక్క క్షణం, ఇక వచ్చేస్తుంది అనుకున్నాం. అంతలో కళ్లు తెరిచింది, నోరు తెరుచుకుని చూస్తున్న అత్త కనబడింది. పగలబడి నవ్వింది.

"నువ్వు గట్ల గుడ్లు తెరుసుకోని సూస్తుంటె నాకు ఏడుపెట్లొస్తది అత్తమ్మా? తిట్టొస్తది! బతికున్నదాన్ని నేనేడ్వ, పో. సచ్చినంక సూద్దాం తీ!"

అట్ట నేలకేసి కొట్టింది. అందరం ఓడిపోయాం, అందరం నవ్వాం. లచ్చవ్వ మాత్రం బోరు దగ్గర కాళ్లు కడుక్కునేదాకా మూతి ముడుచుకునే ఉంది.

వానాకాలంలో ఊళ్లన్నీ మంచం పట్టాయి. నాకు తీరిక లేదు, అది ఎటువంటి తీరికలేనితనమో వేరే చెప్పనక్కర్లేదు. ఒక పొద్దున ముత్యం ఫోన్ చేశాడు.

"అన్నా... పెట్టె తీస్కరా."

లచ్చవ్వ! అనుకున్నాను. "అవ్వకు ఏమైందిరా?"

"అవ్వకు కాదన్నా." అన్నాడు ముత్యం. "సుష్మితకు. డెంగీ జరం. వరంగల్ దవాఖానల... పొద్దుగాల పోయింది."

ఆ పెట్టెను ఎన్ని ఇళ్లకు మోశానో, ఎన్నడూ అంత బరువనిపించలేదు. ఖాళీ పెట్టె.

నేను పోయేసరికి అంబులెన్సు వచ్చి ఉంది. వాకిలి నిండా జనం. భూపాలపల్లి నుంచి సుష్మిత తల్లి వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది, కళ్ల నుంచి ధార పోతోంది. ముత్యం ట్రాక్టరు టైరు పట్టుకుని నిలబడ్డాడు. పిల్లను నా పెట్టెలో పడుకోబెట్టాక లచ్చవ్వ దాని పక్కన కూర్చుంది. కొంగు తల మీద లేదు. కళ్లు ఎండిపోయి ఉన్నాయి.

ఊరంతా ఆమె గొంతు కోసం ఎదురుచూసింది. మూడు జిల్లాలు ఏడ్పించిన మనిషి, సొంత కోడలు పోతే ఎట్లా ఏడుస్తుందో అని. ఆమె నోరు తెరిచింది, మూసింది. తెరిచింది, మూసింది.

ఈశ్వరమ్మ వెనక నుంచి అననే అంది: "శవం లేని ఏడుపు ఏడుస్తిరి. శవాన్ని తెచ్చుకుంటిరి."

అందరి తలలూ అటు తిరిగాయి. మునుపటి లచ్చవ్వ అయితే ఆ మాటకు ఈశ్వరమ్మ ఏడు తరాలను వాకిట్లోకి ఈడ్చాలి. ఆమె తల ఎత్తలేదు. "అయ్యుండొచ్చు," అంది.

ఆ మాటకు రాధ ఒక్క ఉరుకున వచ్చి లచ్చవ్వ మెడ చుట్టూ చేతులు వేసింది. ఏదో ఒకటి ఏడవాలి, ఆ పిల్ల మూగగా పోకూడదు. రాధకు వచ్చింది ఒక్కటే. అదే గొంతులోంచి తన్నుకొచ్చింది:

"జనగామ అంగట్ల జోడెడ్లు తెస్తివి బిడ్డా... జోడిడిసి పెట్టి నువ్వెళ్లిపోతివా... కొట్టంల ఎడ్లను ఎవలు సూడాలె..."

ఎడ్లెక్కడివి? ఆ ఇంట్లో కొట్టమే లేదు. ఆ పిల్ల జనగామ అంగడి ఎన్నడూ చూడలేదు. అయినా పక్కనున్నామె అలవాటుగా "సూడాలె" అందుకుంది. తరువాతామె గొడుగు అందుకుంది. సాంబయ్య గొడుగు, సాంబయ్య కల్లు ముంత, సాంబయ్య మేకల భయం, అన్నీ ఆ చిన్నపిల్ల మీదుగా వెళ్లిపోతున్నాయి. తెలియక కాదు. వాళ్లకు వేరే మాటలు లేవు, మాటలు ఇవ్వవలసిన మనిషి నోరు పడిపోయింది. ఎవరూ నవ్వలేదు. దేన్నయినా నవ్వుగా మార్చగలనని చెప్పుకునే నేను పెట్టె వైరు పట్టుకుని ప్లగ్గు ఎక్కడుందో వెతుకుతున్నట్టు గోడవైపు తిరిగాను.

"అది గాదు," అంది లచ్చవ్వ.

రాగం లేదు. కూలి లెక్క చెప్పినట్టు పొడిగా ఉంది గొంతు.

"ఆమె ఎడ్లు కొనలే. గ్యాస్ పొయ్యి కావాల్నని అన్నం మానేసింది. పొయ్యి వచ్చిన్నాడు మొదటి రొట్టె మాడగొట్టింది. గది ఏడువుండ్రి."

రాధ వెక్కుతూనే అందుకుంది. గ్యాస్ పొయ్యి రాగమైంది, మాడిన రొట్టె రాగమైంది.

"బల్లి అంటె బయం. కరెంటు పోతే నా మంచంల కొచ్చి పండేది. కాలు మీద కాలేసేది."

ఇంకొకామె అందుకుంది.

"ట్రాక్టరు మడ్‌గార్డు మీద ముగ్గేసింది. ఆదివారం నా తల దువ్వేది. తిట్టుకుంటనే దువ్వేది, చిక్కు రానీకుంట దువ్వేది."

ఆమె ఒక్కొక్కటే, అట్ట తీసి ఇచ్చినట్టు ఇచ్చింది. చిన్న చిన్న సంగతులు. కొన్ని ముత్యానికి కూడా తెలియవని అతని ముఖం చూస్తే తెలిసింది. ఆడవాళ్లు ప్రతి దాన్నీ అందుకుని ఏడ్చారు. గోడకు ఆనుకున్న సుష్మిత తల్లి కూడా జరిగి వచ్చి, రాగం రాకపోయినా, ఎవరిదో భుజం పట్టుకుంది. వాడ వాడంతా ఏడ్చింది, నిజమైన ఏడుపు, ఆ పిల్లదే అయిన ఏడుపు. లచ్చవ్వ ఒక్కతే ఏడవలేదు.

"నేను సచ్చినంక..." అంది ఆఖరున. "నేను సచ్చినంక సూద్దామన్నది..."

ఆగిపోయింది. ఆ మాట అక్కడే వేలాడింది. రాధ నోరు తెరిచింది గాని అందుకోలేకపోయింది. పక్కామె కూడా అందుకోలేదు. ఒకరి తరువాత ఒకరు, అందరూ తప్పిపోయారు. మాట కింద పడింది.

మేమందరం, ఆ చేనులో కూర్చున్నవాళ్లమందరం, ఒకేసారి పెట్టె వైపు చూశాం.

అద్దం కింద ఆ పిల్ల కదలలేదు.

దినాలయ్యాక స్పందన వచ్చింది. ఫోన్‌లో విని ఏడ్చి ఏడ్చి ఉన్నదని ముఖం చూస్తే తెలుస్తోంది. రికార్డుల్లో సుష్మిత గొంతు ఉంది, ఉంచాలా తుడిచేయాలా అని అడిగింది.

"తుడ్వకు," అంది లచ్చవ్వ. "దాని నవ్వుంది దాంట్ల. నాకు మాత్రం ఇనిపియ్యకు."

రాధ ఒక మాట అంది. సాంబయ్యకు బదులు ఇప్పుడు సుష్మిత మీద అట్టలు గీసి ఆడదామని, ఆమె సంగతులు మరిచిపోకుండా ఉంటాయని. మంచి మనసుతోనే అంది.

లచ్చవ్వ తల అడ్డంగా ఊపింది. "సాంబయ్యను ఎన్నిసార్లన్న సంపుకోవచ్చు బిడ్డా. నా కోడలు ఒక్కసారే సచ్చింది."

ఆ రోజు నుంచి ఆమె ఏ చావుకూ రాలేదు. నేను ట్రాలీ ఇంటి ముందు ఆపి హారన్ కొట్టేవాణ్ణి. లోపలి నుంచి "నువ్వు పో నాయినా" అనేది. సావుకారి కొడుకు అనేది పోయి నాయినా అయ్యాను. నాకు ఆ మర్యాద నచ్చలేదు.

ఇక లచ్చవ్వను ఏడ్చేవాళ్లు లేరన్నది రాధ నాకంటే ముందే కనిపెట్టింది. ఒకసారి మిరప కల్లం దగ్గర నన్ను ఆపి చెప్పింది: "అన్నా, అవ్వకు ఇగ ఎవలున్నరు? నేనేడుస్త. కాని అవ్వ ఏమంటుండె? కొట్లాడినోళ్లే ఏడుస్తరంటుండె గదా. నేను ఎన్నడు ఒక్క మాట ఎదురు అనలే. రేపు నేనేం ఏడ్వాలె?"

ఆ సాయంత్రం నేను కుర్చీలు, షామియానా తెచ్చుకోవడానికి ఆ వాడకు పోయాను. రాధ లచ్చవ్వ గుమ్మం ముందు నిలబడి ఉంది, చేతిలో గిన్నె, నడుం మీద చెయ్యి. దారి పొడుగునా తిట్లు కూర్చుకుని వచ్చినట్టుంది.

"ఏంది అవ్వా గీ కూర? పొద్దుగాల పంపితివి, నోట్లె పెట్టరాకుంట ఉన్నది. ఉప్పు కుమ్మరిచ్చినవా?"

లచ్చవ్వ అరుగు మీద కూర్చుని ఉంది. "అవునే బిడ్డా," అంది. "చెయ్యి నిలుస్తలేదు. ఎక్కువేసినట్టున్న."

రాధ తడబడింది. గొంతు పెంచింది. "మరి నీ కోడి? నా మిరపకాయలన్ని ఆగం జేసింది! దానికి దిక్కు మొక్కు లేదా? నీకు కండ్లు గానొస్తలేవా?"

నేను తాళ్లు చుట్టడం ఆపి విన్నాను. మనసులో అనుకున్నాను: అను అవ్వా, ఒక్క మాట అను. మిరపకాయలు వాకిట్ల ఆరబోసినదానివి నీకు బుద్ధి లేదా అని అను.

"నా తప్పే బిడ్డా," అంది లచ్చవ్వ. "ఆ కోడిని కోసుకోని తినుర్రి. నాకెందుకు?"

రాధ నడుం మీద చెయ్యి జారిపోయింది. ఇంకా ఏవో ఉండి ఉంటాయి తిట్లు, పెదవులు కదిలాయి గాని బయటికి రాలేదు. గిన్నె పట్టుకునే గడప మీద కూలబడి ఏడ్చింది. రాగం లేదు, మాట లేదు, అందుకోవడానికి చివర ఏమీ వదలని ఒట్టి ఏడుపు.

లచ్చవ్వ మోకాళ్ల మీద చేతులు పెట్టి లేచి, కొంగుతో ఆమె ముక్కు తుడిచింది.

"లోపటికి రా బిడ్డా," అంది. "పెరుగేసుకోని తిందువు, ఉప్పు తెల్వది."